కొట్టములో పుట్టిన హెలికాప్టరు

జగ్గయ్యపేట పట్టణమునకు దాపున ధనబోడు అను గుట్టపై నొక ప్రాచీన బౌద్ధస్తూపముయొక్క శిథిలములు కలవు. ఆ పట్టణమునకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రియగు జగ్గయ్య పేర దానిని పేటగా వెలయించెను. 1882లో జేమ్సు బర్జెసు అను పురాతత్త్వవేత్త ఆ స్తూపమును పరిశోధించి, చెక్కడపుపని గల సున్నపురాతి పలకలను లోకమునకు తెలియజేసెను. వానిలో మాంధాత చక్రవర్తి పలక మిక్కిలి ప్రసిద్ధము. చక్రవర్తి నడుమ నిలిచియుండగా నాతని చుట్టును ఏనుగు, గుఱ్ఱము మొదలగు సప్తరత్నములు చెక్కబడినవి. ఆ రత్నములలో మొదటిది చక్రము. బౌద్ధకథలయందు ఆ చక్రము ఆకాశమార్గమున దొరలిపోవుచుండును. చక్రవర్తి సేనాసమేతుడై దానివెంట నరుగును.

ఆ స్తూపమునందే మఱియొక విశేషము కలదు. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున తూర్పుద్వారమువద్ద ఐదు ఆయకస్తంభములు నిలుపబడెను. వానిని నిలిపిన దాత రాజు గాడు, మంత్రి గాడు, శ్రేష్ఠి గాడు. సిద్ధార్థుడను పనివాడు. అతని తండ్రి నాగచంద్రుడును పనివాడే. ఆ శాసనమునందు సిద్ధార్థుడు తన వృత్తిని దాచుకొనలేదు. తన పేరునకు ముందును, తండ్రి పేరునకు ముందును దానిని చెప్పుకొని, సకలప్రాణుల హితసుఖముల కొఱకు ఈ కానుక నిచ్చుచున్నానని వ్రాయించెను.

ఈ రెండు సంగతులను మొదట చెప్పుటకు కారణము కలదు. ఆకాశమున తిరుగు చక్రమును ఊహించుట యొకయెత్తు. దానిని చేతితో చేయుట మఱియొకయెత్తు. ఊహ కవికిని కథకునికిని చెందినది. చేత పనివానికి చెందినది. ఈ రెంటికిని నడుమ కొలత, లెక్క, పరీక్ష అను మూడుమెట్లు కలవు. ఆ మెట్లను ఎక్కిన దేశములయందు చక్రము నిజముగనే ఆకాశమున కెగసినది. దానికే నేడు హెలికాప్టరు అని పేరు. ఆ యంత్రము పెద్ద కర్మాగారములలో మాత్రమే పుట్టలేదు. దాని చరిత్రలో ముఖ్యమైన ఘట్టములు పలుమారులు కొట్టములయందును, ఇండ్లయందును, చిన్న మరమ్మతు దుకాణములయందును జరిగినవి. మన దేశమునందును పల్లెలలోని వెల్డింగు షెడ్లలో హెలికాప్టరును కట్టబూను యువకుల వార్తలు అప్పుడప్పుడు వినవచ్చుచున్నవి. లోకము వారిని ఒకదినము మెచ్చుకొని మఱునాడు మఱచుచున్నది. మెచ్చుటయు మఱచుటయు రెండును వారికి మేలు చేయునవి కావు. కావున చిన్న హెలికాప్టరు చరిత్రను కొంత విపులముగ తెలిసికొనుట మనకు అవసరమని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

హెలికాప్టరు అను పేరును 1861లో ఫ్రాన్సుదేశీయుడగు పొంటన్ డామెకూర్ కల్పించెను. గ్రీకుభాషలో మరచుట్టు నకును ఱెక్కకును గల పదములను కూర్చిన మాట యిది. పేరు పుట్టిన పిమ్మట చిరకాలము యంత్రము పుట్టలేదు. 1903లో రైటు సోదరులు విమానమును ఎగురవేసిరి. నమ్మకముగ నెక్కి, ఇచ్ఛవచ్చినట్లు నడుపదగిన హెలికాప్టరు మఱి ముప్పది యేండ్లు గడచినగాని రాలేదు. ఇంత జాగేల?

విమానమునకు ఱెక్క స్థిరము. యంత్రము ముందునకు పరుగెత్తగా గాలి ఆ ఱెక్కను లేవనెత్తును. హెలికాప్టరునందో, ఱెక్కయే తిరుగవలెను. ఈ యొక్క భేదమువలన నాలుగు చిక్కులు కలుగుచున్నవి. మొదటిది బలము. ఉన్నచోటనే పైకి లేచి నిలుచు యంత్రమునకు ముందుపరుగు తోడ్పడదు గనుక, మొత్తము భారమును ఇంజనే మోయవలెను. ఇంజను తేలికగను ఉండవలెను, బలముగను ఉండవలెను. రెండవది ఎదురుత్రిప్పు. పడవలో నిలిచి గడను బలముగ గిరగిర త్రిప్పినవాని కాలిక్రింద పడవ ఎదురువైపునకు తిరుగును గదా! అట్లే పైచక్రము ఒకవైపునకు తిరుగగా క్రిందిదేహము మఱొకవైపునకు తిరుగజూచును. దీనిని ఆపుటకు తోకయందు చిన్నచక్రమైన నుంచవలెను, లేక ఒకదాని కొకటి ఎదురుగ తిరుగు రెండు చక్రముల నైన నుంచవలెను. మూడవది అసమానత. యంత్రము ముందునకు సాగునపుడు ఒకవైపు ఱెక్క గాలి కెదురుగ పోవును. రెండవవైపు ఱెక్క గాలితో కూడ పోవును. ఎదురుపోవు ఱెక్కకు లేపుదల హెచ్చు, రెండవదానికి తక్కువ. అందువలన యంత్రము ప్రక్కకు బోర్లపడును. నాలుగవది అన్నిటికంటె భయంకరమైనది: ఇంజను ఆగినచో గతి యేమి?

1907లో ఫ్రాన్సుదేశమునందలి లిజియో పట్టణమున పాల్ కొర్నూ అను సైకిళ్లు చేయువాడు ఈ ప్రశ్నలతో పెనగులాడెను. మొదట చిన్ననమూనా చేసెను; అది ఎగిరెను. ఆ ధైర్యముతో 24 అశ్వబలముల ఇంజనును, దోనెవలె నుండు చట్రమునకు ముందొకటి వెనుకొకటిగ రెండు చక్రములను అమర్చి, పట్టాలతో త్రిప్పెను. ఆ సంవత్సరము నవంబరు 13వ తేదీన అది తన్ను మోసికొని అడుగెత్తునకు కొన్నిసెకనులు లేచెనని చెప్పుకొనెను. దానిని నడుపు సాధనము లేమియు చాలినవి కాలేదు. కొర్నూ ఆ పనిని విడిచిపెట్టెను. ఆ యంత్రమునకు మనిషిని నిలిపి యుంచునంతటి బలము లేదని తరువాతివారు లెక్కగట్టిరి. నమూనా యెగిరి యంత్రమేల యెగురలేదు? కొలతలు రెండింతలు చేసినచో ఱెక్కల వైశాల్యము నాలుగింతలే యగును, బరువు ఎనిమిదింత లగును. చేతినేర్పు మాత్రము గలవానికి ఈ లెక్క కనబడదు; లెక్క మాత్రము తెలిసినవానికి పట్టా జాఱుట తెలియదు. కొర్నూ ఓటమి యందఱికిని మొదటిపాఠము.

రెండవపాఠమును చెప్పినవాడు స్పెయినుదేశపు ఇంజనీరగు హువాన్ డి లా సియెర్వా. ఆతడు చేయగోరినది హెలికాప్టరు కాదు, ఆటోజైరో అను యంత్రము. దాని పైచక్రమునకు ఇంజను లేదు. ముందున్న విమానపు పంఖా యంత్రమును లాగగా గాలియే పైచక్రమును త్రిప్పును. సియెర్వా చేసిన తొలి యంత్రములు ప్రక్కకు బోర్లపడెను. ఆతడు బేతపుకఱ్ఱలతో ఱెక్కలుచేసిన చిన్న నమూనా మాత్రము చక్కగ నెగురుచుండెను. బేతము వంగును గనుక, గాలి కెదురుపోవు ఱెక్క కొంచెము పైకిలేచి అధికమగు లేపుదలను వదలుకొనుచుండె నని ఆతడు గ్రహించెను. వెంటనే పెద్దయంత్రపు ఱెక్కలను మొదళ్లయందు కీలులతో తగిలించి, పైకిని క్రిందికిని ఆడనిచ్చెను. 1923 జనవరిలో ఆ యంత్రము ఎగిరెను. గట్టిగ బిగించుటయే బలమని తలచుచున్నవారికి, వదలుటయందును బలము గలదని బేతపుకఱ్ఱ నేర్పినది.

ఆటోజైరోవలన తేలిన మఱొక సత్యము నాలుగవ చిక్కునకు ఉత్తరువు చెప్పినది. తాటాకు గాలిమరను పట్టుకొని పరుగెత్తు పల్లెపిల్లవాని చూడుడు. గాలిమరను త్రిప్పువాడు లేడు. పరుగువలన కలుగు ఎదురుగాలియే దానిని త్రిప్పుచున్నది. ఇంజను ఆగిన హెలికాప్టరు క్రిందికి దిగుచుండగా, క్రిందినుండి పైకి వీచు గాలి చక్రమును అట్లే త్రిప్పును. నడుపువాడు క్షణమైన ఆలసింపక ఱెక్కల వాలును తగ్గించి చక్రవేగమును కాపాడుకొని, నేలను సమీపింపగనే ఆ వాలును పెంచి, చక్రమున దాగియున్న బలముతో మెల్లగ దిగవలెను. తేలికయగు చిన్నయంత్రమునందు ఈ క్షణము మిక్కిలి కొద్ది. ఒకటి రెండు సెకనులలో చేయి పనిచేయకున్నచో చక్రవేగము పడిపోయి మరల రాదు. ఈ విద్యను గురువువద్ద అభ్యసింపక, కట్టినవాడే తొలిసారి గాలిలో నేర్చికొందు ననుట సాహసము కాదు, అవివేకము.

మూడవపాఠము ఓర్పు. ఈగర్ సికోర్‌స్కీ రష్యాసామ్రాజ్యమునందలి కీవునగరవాసి. 1909లోను 1910లోను రెండు హెలికాప్టరులను చేసెను. మొదటిది లేవలేదు, రెండవది తన బరువును మాత్రము లేపుకొనగలిగెను గాని మనుష్యుని మోయలేకపోయెను. ఇంజనులును, విద్యయు ఇంకను పండలేదని గ్రహించి ఆతడు ఆ పనిని ప్రక్కనుంచి విమానముల వైపునకు మరలెను. దేశవిప్లవమువలన 1919లో అమెరికా చేరెను. సుమారు ముప్పది సంవత్సరములు తన కోరికను చంపుకొనలేదు, తొందరపెట్టలేదు. 1939 సెప్టెంబరు 14వ తేదీన కనెక్టికట్ రాష్ట్రమున 75 అశ్వబలముల ఇంజనుగల వీఎస్-300 అను యంత్రముపై తానే కూర్చుండెను. దానిని బరువులకు త్రాళ్లతో కట్టియుంచిరి. అది నేలనుండి కొన్ని అడుగులు లేచెను, దిగెను. స్వేచ్ఛగ ఎగురుట 1940 మే నెలలో గాని జరుగలేదు. నడుమ నెలలు త్రాటికట్టులోనే గడచెను. ఒకదశలో ఆ యంత్రము ముందునకు తప్ప అన్ని దిక్కులకును చక్కగ పోవుచుండె నట! లోపమును దాచక, విప్పి, మార్చి, మరల కట్టిరి. 1941 మే నెలలో అది గంటన్నరకు మించి గాలిలో నిలిచి అప్పటి రికార్డును దాటెను.

ఇంటికొట్టమునకు నిజమైన కీర్తి తెచ్చినవాడు ఆర్థర్ యంగ్. ఆతడు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున గణితము చదివినవాడు. తత్త్వచింతనయందు ఆసక్తి గలవాడు. చింతన నేలవిడిచి పోకుండుటకు చేతులతో సాధింపవలసిన కఠినసమస్య యొకటి కావలెనని హెలికాప్టరును ఎన్నుకొనెను. 1928 మొదలుకొని పదుమూడేండ్లు పెన్సిల్వేనియా రాష్ట్రమున కొట్టములలో ఒంటరిగ పనిచేసెను. ఆతడు మనుష్యుడెక్కు యంత్రము జోలికే పోలేదు. చిన్ననమూనాలను చేయును, విద్యుత్తుతో త్రిప్పును, పడగొట్టును, ఏల పడెనో చూచును, మరల చేయును. నమూనా విఱిగినచో పోవునది కఱ్ఱముక్క. మనిషి విఱిగినచో పోవునది ఇల్లు. ఈ విధమున ఆతనికి చక్రము క్రింద రెండుకొనలయందు బరువులుగల అడ్డుకడ్డీ నుంచు యుక్తి తట్టెను. ఆ కడ్డీ బొంగరమువలె తన సమతలమును విడువదు. దేహము ఊగినను చక్రమును నిలకడగ నుంచును. 1941లో నమూనాను తీసికొని బెల్ విమానసంస్థవారికి చూపెను. వారు ఆతనికి పనివారిని, బఫలో నగరసమీపమున నొక పాత గ్యారేజిని ఇచ్చిరి. 1942 చివర మొదటియంత్రము త్రాటికట్టులో లేచెను. దానినుండి పుట్టిన బెల్ 47 అను హెలికాప్టరు 1946 మార్చి 8వ తేదీన పౌరుల వాడుకకు ప్రభుత్వపు అర్హతాపత్రము పొందిన మొట్టమొదటి హెలికాప్టరయ్యెను.

అదేకాలమున కాలిఫోర్నియాయందు స్టాన్లీ హిల్లర్ అను బాలుడు 19 ఏండ్ల వయస్సున ఎదురెదురుగ తిరుగు రెండుచక్రముల హెలికాప్టరును కట్టి 1944 జూలై 4న బర్కిలీ క్రీడారంగమున ఎగురవేసెను. బాలుడని యాశ్చర్యపడుదము గాని, ఆతడు అంతకుముందే ఆటకార్లను చేసి యమ్మి పోతపనియు, లోహపు గుణములును నేర్చినవాడని మఱువరాదు. పిడుగువలె ఆకసమునుండి ఊడిపడిన ప్రతిభ ఈ చరిత్రలో ఎక్కడను కానరాదు.

యుద్ధానంతరము అమెరికాదేశమున గృహశిల్పుల యుగము వచ్చినది. ఈగర్ బెన్సెన్ 1953లో సొంతసంస్థను స్థాపించి, ఒంటిమనిషి కూర్చుండు జైరోకాప్టరు పటములను, సామగ్రిని అమ్మెను. ఆ పటములనుబట్టి అనేకులు ఇంటివద్దనే యంత్రములు కట్టుకొనిరి. 1960లలో బి. జె. ష్రామ్ అను నాతడు నిజమైన హెలికాప్టరునే అట్లు విడిభాగములుగ అమ్మ నారంభించెను; ఆతని రోటర్‌వే సంస్థ స్కార్పియన్, ఎగ్జెక్ అను యంత్రములతో ప్రసిద్ధి కెక్కెను. ఆ దేశపు చట్టము ఇట్టివారిని దొంగలవలె చూడలేదు. యంత్రములో సగముకంటె నెక్కువ భాగమును తన విద్యకొఱకో వినోదముకొఱకో తానే చేసికొన్నవానికి ప్రత్యేకమైన అనుమతి నిచ్చును. ప్రభుత్వపు పరీక్షకుడు వచ్చి చూచును. కొంతకాలము జనములేని చోటనే ఎగురవలెనని కట్టడి చేయును. 1982లో మఱియొక నిబంధన వచ్చినది. 254 పౌనులకు, అనగా సుమారు 115 కిలోలకు మించని ఒంటిమనిషి యంత్రమును, జనావాసములపై ఎగురకుండునెడల, అర్హతాపత్రము లేకయే ఎగురవేయవచ్చును. దాని యాసరాతో కెనడాలోను, ఇతరదేశములలోను చిన్న హెలికాప్టరులు పుట్టినవి. జపానుదేశమున గెన్నయి యనగిసావా నాలుగు చిన్న ఇంజనులతో, ఎదురెదురు చక్రములతో జెన్ హెచ్-4 అను కుర్చీవంటి హెలికాప్టరును చేసెను.

ఇంటినుండి లోకమునకు నడచిన యంత్రములలో అన్నిటికంటె పేరుగన్నది ఫ్రాంక్ రాబిన్‌సన్ చేసినది. ఆతడు పెక్కు సంస్థలలో హెలికాప్టరు పని చేసి, చిన్నది, చవుకది కావలెనని చెప్పి చెప్పి, ఎవరును వినకపోగా 1973లో ఉద్యోగము విడిచి కాలిఫోర్నియాలోని తన యింటియందే సంస్థను స్థాపించెను. ఆర్22 అను ఇద్దఱి హెలికాప్టరు 1975 ఆగస్టు 28న మొదట ఎగిరెను; 1979 మార్చిలో అర్హతాపత్రము పొందెను. ఎగురుటకును, పత్రమునకును నడుమ మూడున్నర యేండ్ల పరీక్షలు! అంతటితో తీఱలేదు. ఆ తేలిక యంత్రము అనుభవము లేనివారి చేతిలో ప్రమాదములకు లోనగుచుండగా 1995లో అమెరికా ప్రభుత్వము దానిని నడుపువారికి ప్రత్యేకశిక్షణను విధించెను. యంత్రము పూర్తియయ్యెననగా విద్య పూర్తికాదు.

ఇక మనదేశము మాట. ముంబయి నగరమున అమోల్ యాదవ్ అను విమానచోదకుడు మేడపై ఆఱుగురు కూర్చుండు విమానమును కట్టి, 2016లో ప్రదర్శించి, 2017లో ప్రభుత్వపు నమోదును, 2019లో ఎగురు అనుమతిని సంపాదించెను. ఆతనిది ఱెక్క స్థిరముగ నుండు విమానము, హెలికాప్టరు కాదు. ఆతడు వృత్తిచే విమానచోదకుడు. పత్రములకొఱకు ఏండ్లతరబడి కార్యాలయముల చుట్టు తిరుగగల యోపికయు, అవకాశమును గలవాడు. అట్టి అవకాశము లేనివాని గతి యెట్టిదో 2021 ఆగస్టులో తెలిసినది. మహారాష్ట్రమున యవత్మాళ్ జిల్లాలోని యొక పల్లెయందు 24 ఏండ్ల వెల్డరు, పెద్దచదువు లేనివాడు, పాత కారు ఇంజనుతో ఒంటిమనిషి హెలికాప్టరును కట్టెను. చలనచిత్రములను చూచియు, తన చేతినేర్పుతోను రెండేండ్లు శ్రమించెను. రాత్రివేళ నేలపైననే ఇంజనును నడిపి పరీక్షించుచుండగా తోకచక్రపు ఱెక్క విఱిగి పైచక్రమునకు తగిలెను. పైచక్రము ఆతనికి తగిలెను. ఆతడు మరణించెను. స్వాతంత్ర్యదినమునకు ఎగురవేయవలెనని తలచినవాడు ఆ దినమును చూడలేదు.

ఈ మరణమును మేము అజ్ఞానముయొక్క ఫలమని కొట్టివేయజాలము. లోహమును కోయుట, అతుకుట, ఇంజనును విప్పి బిగించుట ఆతనికి మనలో పెక్కుమంది పట్టభద్రులకంటె బాగుగ తెలియును. తెలియని దేమి? ఆర్22 వంటి చిన్న హెలికాప్టరు ఱెక్క కొనకు సెకనుకు 200 మీటర్ల వేగముండును. ఆ వేగమున ఱెక్క తన మొదటిని టన్నుల బరువుతో వెలుపలికి లాగును. రెండు ఱెక్కల బరువులలో కొద్ది తేడా యున్నను చట్రమంతయు అదరును. ఆ యదురు అతుకులను అలయించి, కంటికి కనబడని బీటలు పుట్టించి, ఒకనాడు తటాలున విఱుచును. నేడు పట్టుగనున్న వెల్డింగు అతుకు రేపును పట్టుగ నుండుననుట ఈ యంత్రమునందు చెల్లదు. ఇట్టి సంగతులు పుస్తకములలో గలవు. కొలిచి చూపు సాధనములు ప్రయోగశాలలలో గలవు. ఆ పుస్తకము ఆతని భాషలో ఆతని ఊరికి రాలేదు. ఆ ప్రయోగశాల తలుపు ఆతనికి తెఱవబడలేదు. చక్రము తిరుగునపుడు మనిషి ఇసుకబస్తాల చాటున నుండి దూరమునుండి త్రాటితో నడుపవలెనని చెప్పు గురువు లేడు. సికోర్‌స్కీకి గల త్రాటికట్టు, యంగునకు గల నమూనాలు, రాబిన్‌సనునకు గల పూర్వానుభవము, ఈ మూడింటిలో నొక్కటియు ఆతనికి దక్కలేదు. ధైర్యము మాత్రము వారితో సమానముగ నుండెను.

చేయి యొకచోట, చదువొకచోట నుండుట మనదేశమునకు పాతజబ్బు. చదివినవాడు సుత్తి పట్టుట చిన్నతనమనుకొనెను. సుత్తి పట్టినవానికి చదువు పనికిరాదని మనమే చెప్పితిమి. కమ్మరిని, వడ్రంగిని, కంచరిని పండుగదినమున పిలిచి తాంబూల మిచ్చితిమేగాని, వాని కొలిమివద్దకు పుస్తకమును తీసికొని పోలేదు. కులము గోడ కట్టినది, పరభాష ఆ గోడపై గాజుపెంకులు నాటినది.

ఈ గోడను పడగొట్టబూనిన మహనీయుడు ఈ మెట్టప్రాంతమునందే జన్మించెను. నందిగామ తాలూకాలో మున్నేటియొడ్డునగల పెనుగంచిప్రోలు గ్రామమున 1877లో కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు పుట్టెను. 1906లో ఆయన పూనికతో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడినది. కొర్నూ సైకిలుదుకాణమున చక్రములు త్రిప్పుటకు సరిగ నొక సంవత్సరము ముందు! చరిత్రలను, జీవచరిత్రలనే గాక ప్రకృతిశాస్త్రములను గూడ తెలుగున వ్రాయించి, సామాన్యుడు కొనగల వెలకు అందించుట ఆ మండలి యుద్దేశము. పిదప ఆయన ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, దానిని ముగింపకయే 1923లో స్వర్గస్థుడయ్యెను. ఆయన తలపెట్టిన పని నేటికిని ముగియలేదు. కథలును, నవలలును తెలుగున లక్షలకొలది పుటలు వెలువడినవి గాని, ఒక వెల్డరు చదివి లోహపు అలసటను గూర్చి తెలిసికొనదగిన తెలుగుపుస్తకమును వెదకుట కష్టము.

మెట్టప్రాంతమునకు ఈ విద్యతో పనియేమని యడుగువారుండవచ్చును. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ నందిగామ, జగ్గయ్యపేటల సీమకు కృష్ణ, మున్నేరు, పాలేరు, వైరా, కట్టలేరు అను నదులును వాగులును చుట్టములు; అలిగినచో శత్రువులు. 2023 జూలై చివర మున్నేటి వరద నందిగామకు చేరువనున్న ఐతవరమువద్ద జాతీయరహదారిపై పాఱి హైదరాబాదు-విజయవాడల నడుమ రాకపోకలను స్తంభింపజేసెను. 2024 సెప్టెంబరు మొదట మరల అదేకష్టము. అదే వేళ బుడమేటి వరదలో విజయవాడ మునిగినది. అప్పుడు హెలికాప్టరులతోబాటు డ్రోనులును ఇండ్లపైకప్పులకు ఆహారమును, మందులను చేర్చెను. ఆ డ్రోను మఱేమియు కాదు. ఆర్థర్ యంగు కొట్టములో విద్యుత్తుతో త్రిప్పిన నమూనాకు మనుమడు. పత్తిచేలపైనను, మిరపతోటలపైనను పురుగుమందు చల్లుటకు వచ్చుచున్నదియు అదియే. రైతుకూలీ మందును వీపున మోసి, ఆవిరిని పీల్చి, చేతులు పుండ్లు చేసికొను కష్టము దీనివలన కొంత తగ్గుచున్నది.

కావున యంత్రములపై మోజుగల యువకులకు మేము చెప్పునది యిది. మనిషి యెక్కు హెలికాప్టరుతో మొదలుపెట్టవలదు. నమూనాతో మొదలుపెట్టుడు. మనదేశమున 2021లో వచ్చిన డ్రోను నిబంధనలు 250 గ్రాములకు మించని పసియంత్రము మొదలుకొని బరువునుబట్టి తరగతులేర్పఱచి, ఆయా తరగతికి తగిన కట్టుబాట్లను చెప్పుచున్నవి. ఆ మార్గము తెఱచియున్నది. నాలుగుచక్రముల డ్రోనునకు ఇంజను ఆగినచో మెల్లగ దిగు గుణము లేదని తెలిసికొనుడు. ఏల లేదో ఆలోచింపుడు. ఒంటిచక్రపు నమూనాను చేసి ఆ గుణమును దానియందు కన్నులార చూడుడు. పదిసార్లు విఱుగనిండు. ప్రతి విఱుగుటను వ్రాసియుంచుడు. ఆ వ్రాతపుస్తకము యంత్రముకంటె విలువగలది.

పెద్దలకు చెప్పవలసినది వేఱు. రహదారిపొడవునను లారీ మరమ్మతు షెడ్లుగల సీమ యిది. సిమెంటు కర్మాగారములలో బరువుయంత్రములతో పెరుగుచున్న పనివారు గల సీమ యిది. ఈ నేర్పునకు లోటులేదు. పాలిటెక్నికులును, పారిశ్రామిక శిక్షణాలయములును వారమున కొకదినమైన తమ పరీక్షాశాలల తలుపులను విద్యార్థులు కాని పనివారికి, బాలురకు, బాలికలకు తెఱవవలెను. ఱెక్కలను తూచు త్రాసు, అతుకునందలి బీటను పట్టు పరికరము, యంత్రమును కట్టియుంచి దూరమునుండి నడుపదగిన బయలు, తెలుగున నాలుగు మంచిపుస్తకములు, ప్రశ్న యడిగిన నవ్వని యొక ఉపాధ్యాయుడు, ఇంతియే కావలసినది. ఇందులో కోట్లు వెచ్చింపవలసిన దేదియు లేదు. పౌరవిమానయాన శాఖవారును గృహశిల్పిని నేరస్థునివలె తఱుముటకు ముందే, పరీక్షకుని పంపి చూచు పద్ధతిని పల్లెకు అందుబాటులోనికి తేవలెను. అనుమతి దొరకునను ఆశ యున్నవాడు రాత్రివేళ ఒంటరిగ పరీక్ష చేయడు.

పత్రికలకును ఒకమాట. చదువులేని యువకుడు హెలికాప్టరు చేసెనని పొగడుటతో మీ పని తీఱదు. చదువు లేకపోవుట పొగడదగిన విషయము గాదు. అది మన సిగ్గు. ఆతనికి ఏమి తెలియును, ఏమి తెలియదు, ఎవరు నేర్పగలరు అని విచారించి వ్రాయుడు. అట్టి వ్రాత యొక ప్రాణమును కాపాడవచ్చును.

సిద్ధార్థుడు తన స్తంభముపై పనివాడనని సగౌరవముగ చెక్కించుకొనగలిగిన కాలమొకటి ఈ గడ్డపై నుండెను. లక్ష్మణరావు శాస్త్రమును ఇంటింటి భాషలోనికి దింపబూనిన కాలమొకటి యుండెను. ఆ యిద్దఱు వేయియేండ్లకు పైబడిన యెడముతో పుట్టిరి గనుక కలిసికొనలేదు. వారి వారసులు నేడు ఒకే ఊరిలో, ఒకే వీథిలో నున్నారు. ఒకడు షెడ్డులో నున్నాడు, ఒకడు కళాశాలలో నున్నాడు. వారిని కలుపు భారము మనది. ఈ పనికి నదులు మరల పొంగువఱకు వేచియుండ నవసరములేదు.